కుట్టు మడతలో పసుపు

రిటైరయ్యానని చెబితే జనం ముందు నా జుట్టు వంక చూస్తారు. నల్లగానే ఉంటుంది. నాకు ముప్పై రెండేళ్ళు. తొమ్మిదేళ్ళపాటు మైక్రోస్కోపులోకి ఒంటికన్నుతో చూసీ చూసీ, చివరికి ఎదురుగా నిలబడ్డ మనిషి ఇద్దరుగా కనిపించే స్థితికి వచ్చాను. కళ్ళ డాక్టరు "ఇంక చాలించవయ్యా" అన్నాడు. ఇంట్లో నలుగురు ఏడ్చారు. నాకు ఎనిమిదిమంది కనిపించారు. దాంతో ఆ విషాదం కాస్త పెళ్ళి సందడిలా తోచింది.

ఇప్పుడు బెజవాడలో మా నాన్నగారి బట్టల కొట్లో కూర్చుంటున్నాను. గుడ్డను వేళ్ళతో తడిమి ఏదేమిటో చెప్పేస్తాను. దానికి కళ్ళు అక్కర్లేదు. ఆ మాటకొస్తే చదువూ అక్కర్లేదు. మా నాన్నగారు ఆ సంగతి వారానికోసారి గుర్తు చేస్తుంటారు.

నా ఉద్యోగంలోకి కొత్తగా వెళ్ళబోతున్న ఇద్దరు మొన్న కొట్టుకి వచ్చి, "పని ఎట్టా ఉంటుందండీ?" అని అడిగారు. అప్పుడు బేరం నడుస్తోంది, సరిగ్గా చెప్పలేకపోయాను. ఇది వాళ్ళ కోసం. ఎవరు ఎప్పుడు ఏ గ్రేడుకు ఎక్కారన్నది ఇందులో లేదు. ఎక్కినవాళ్ళకి కూడా అది గుర్తుండదు.

పని అంటే

తవ్వకాల్లో దొరికిన గుడ్డపేలికలు, గుళ్ళలోనూ చర్చిల్లోనూ జమీందార్ల పెట్టెల్లోనూ మిగిలిన పాత బట్టలు మన బల్ల మీదికొస్తాయి. అవి ఏ నారతో నేసినవో చెప్పాలి. ఆ తర్వాత అవి ఇంకా పాడవకుండా చూడాలి. రెండో పనిలో ముప్పాతిక భాగం చేతులు కట్టుకుని ఊరుకోవడమే. అది చాలా కష్టం. ప్రతి గుడ్డా ఉతకమనే అడుగుతున్నట్టు ఉంటుంది.

పోగుల్ని గుర్తుపట్టడం ఒక వారంలో వచ్చేస్తుంది. మైక్రోస్కోపు కింద పత్తి పోగు మెలిపడిన రిబ్బనులా ఉంటుంది. పట్టు గాజుకడ్డీలా నున్నగా ఉంటుంది. ఉన్ని మీద తాటిమాను మీదలా పొలుసులుంటాయి. లినెన్, అంటే దొరల సీమలో అవిసె నారతో నేసే గుడ్డ, దాని పోగు చూస్తే చెరుకుగడ గుర్తొస్తుంది. అక్కడక్కడా కణుపులు. ఉయ్యూరు ఫ్యాక్టరీకి పోయే చెరుకుబళ్ళు చూసినవాడెవడూ దాన్ని మర్చిపోడు. ఇదీ ఒక వారం చదువు. ఆ పోగును గుడ్డలో ఎక్కణ్ణుంచి తీయాలన్నది తెలియడానికి మాత్రం మిగిలిన తొమ్మిదేళ్ళూ పట్టాయి.

మాది రెండు గదుల ఆఫీసు. పోగులు ఎగిరిపోతాయని కిటికీలు మూసి, పంకా ఆపి పనిచేయాలి. అదీ బెజవాడలో, మే నెలలో. చెమట బొట్టు గుడ్డ మీద పడితే అదొక చారిత్రక నష్టం కాబట్టి నుదుటికి తువ్వాలు కట్టుకునేవాణ్ణి. చూడవచ్చిన బంధువులు నాకు జ్వరమనుకుని బత్తాయిలు తెచ్చేవాళ్ళు. నేను కాదనేవాణ్ణి కాదు.

మా పెద్దాఫీసరు వరదాచారి గారు. నోట్లో ఎప్పుడూ తాంబూలం, బల్ల మీద ఇత్తడి సున్నపు కాయ. ఆ నోటితో ఆయన గుడ్డల దగ్గరికి వచ్చేవారు కాదు. గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడేవారు. నేను చేరిన రోజునే చెప్పారు: "గుడ్డ నడిమధ్యన కత్తెర పెట్టావంటే నీ వేలు కోస్తా. అంచులోంచో, మడతలోంచో, ఎవరి కంటా పడని చోటునుంచి ఒక్క పోగు. అంతే."

మంచి సలహా. నన్ను ముంచిందీ అదే.

రాజుగారి పట్టు

దానికి ముందు నేను గొప్పవాణ్ణయిన ముచ్చట ఒకటి చెప్పాలి. లేకపోతే తర్వాత పడ్డది ఎంత ఎత్తునుంచో మీకు తెలియదు.

డెల్టాలో ఒక పాత దిబ్బ తవ్వుతుంటే కంచు మూత ఒకటి దొరికింది. దాని చిలుములో రెండు మూడు పోగులు అంటుకుని ఉన్నాయి. మద్రాసు నుంచి వచ్చిన ఆఫీసరు గారు భూతద్దంతో చూసి, "పట్టు! రాజవస్త్రం!" అన్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి. మూత పట్టుకొచ్చిన మేస్త్రీ మాత్రం ఏదో చెప్పాలని చూస్తూ, చెప్పలేక అవస్థ పడుతున్నాడు.

నేను చూశాను. మెలిపడిన రిబ్బను. పత్తి. చిలుము పట్టాల్సినంత పట్టనూ లేదు.

"పత్తి సార్, అదీ కొత్తది" అన్నాను. "రాజుగారు ఈమధ్యనే పోయినట్టున్నారు."

మేస్త్రీకి అప్పుడు ధైర్యం వచ్చింది. "అది నా తుండుగుడ్డదండీ. మూత జారతా ఉంటే దాంతో పట్టుకుని తీశా" అన్నాడు.

నేను వారంరోజులు ఆ కథ చెప్పుకుని నవ్వాను. వరదాచారి గారు గుమ్మంలో నిలబడి, "నవ్వవయ్యా, నవ్వు. ఆయన చూడాల్సిన పోగు చూడలేదు. నువ్వూ ఒకనాడు చూడవు" అన్నారు. ముసలాయన కుళ్ళు అనుకున్నాను.

ఇరవై నిమిషాల రిపోర్టు

యుద్ధం రోజులు. ఉయ్యూరు అవతల కాలవగట్టున ఒక క్రైస్తవుల పల్లె ఉంది. అందరూ పొలం పనులు చేసుకునేవాళ్ళే. ఆ పల్లెలో ఎవరు పోయినా శవపేటిక మీద ఒకే గుడ్డ కప్పుతారు. తెల్లటి పాత గుడ్డ. సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక దాన్ని తీసి, కాలవలో జాడించి, నీడన ఆరేసి, చర్చి పెట్టెలో దాస్తారు. మళ్ళీ ఇంకొకళ్ళు పోయేదాకా అది పెట్టెలోనే ఉంటుంది. పాలేరైనా, పంతులైనా అదే గుడ్డ. మూడు తరాలుగా అంతే.

మిషన్ కార్యదర్శి దొరగారు ఒక అంత్యక్రియలో దాన్ని చూశారు. మొదట్లో వచ్చిన దొరసాని ఒకావిడ తన దేశంనుంచి తెచ్చుకున్న లినెన్ అయ్యుంటుందని ఆయనకు తోచింది. అదే నిజమైతే బెజవాడ మిషన్ బంగళాలో అద్దాల బీరువాలో భద్రం చేయాలన్నారు. ఇక్కడి గుడ్డే అయితే పల్లెకే ఇచ్చేస్తామన్నారు. ఏ సంగతో తేల్చమని మాకు పంపారు. మర్యాదస్తుడు. ఆయన తప్పేమీ లేదు.

గుడ్డ అంచు చుట్టూ రెండు మడతలు వేసి సన్నగా కుట్టి ఉంది. ఎవరి కంటా పడని చోటు అంతకన్నా ఏముంది? కుట్టు దగ్గర వేలాడుతున్న పోగు ఒకటి తీసి చూశాను. చెరుకుగడ. కణుపులు. "నిస్సందేహంగా లినెన్" అని రాసేశాను. మొత్తం ఇరవై నిమిషాల పని. ఆ "నిస్సందేహంగా" అన్న మాట నాకు ఎంత నచ్చిందంటే కింద గీత కూడా గీశాను.

కొత్తగా చేరేవాళ్ళకి ఇదొక్కటి గట్టిగా చెబుతాను. రిపోర్టులో ఆ మాట రాయాలనిపించినప్పుడు లేచి మంచినీళ్ళు తాగి రండి.

పోగుకి నోరుందా?

నెల తిరిగేసరికి గుడ్డ మళ్ళీ నా బల్ల మీదికొచ్చింది. బీరువాలో పెట్టడానికి సిద్ధం చేయమని మిషన్ వాళ్ళు పంపారు. దాన్ని బల్ల మీద పరిచి పెట్టుకున్న రోజునే పల్లెనుంచి ఇద్దరు వచ్చారు. ఒకరు అక్కడి బడిపంతులు దేవదానం గారు. రెండో ఆవిడ సారమ్మ. డెబ్బై దాటిన మనిషి, సన్నటి కర్రలా ఉంది. మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతూనే నన్ను ఎగాదిగా చూసింది.

"దొరల గుడ్డని చెప్పింది నువ్వేనా నాయనా?"

"నేను చెప్పలేదవ్వా. పోగు చెప్పింది."

"పోగుకి నోరుందా?"

నేను ఇలాంటి సందర్భాల్లో వేసే జోకు ఒకటి సిద్ధంగా ఉంచుకునేవాణ్ణి. ఆ పూట దాన్ని బయటికి తీయలేదు. ఆవిడ నా జవాబు కోసం నిజంగానే ఎదురుచూస్తోంది.

దేవదానం గారు నెమ్మదిగా అన్నారు: "ఏమీ అనుకోకండి. ఈవిడ పెనిమిటి మీదా, కొడుకు మీదా కప్పింది ఈ గుడ్డేనండీ. అందుకని ఆత్రం."

"ఆత్రం గాక ఏముంటది పంతులూ? తర్వాత నేనేగా" అంది సారమ్మ. "నా మీద ఏం కప్పుతారు? మంచం మీది దుప్పటా? అవతల నా మొగుడు నన్ను గుర్తుపట్టొద్దూ?"

"పట్టకపోతే నీకే సుఖం కదవ్వా" అన్నాను. నోరు ఊరుకోదు.

ఆవిడ నవ్వింది. తర్వాత బెంచీ మీద కూర్చుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నేను మొదటిరోజే పల్లెకెళ్ళి అడగాల్సిన సంగతి తనే చెప్పింది. సారమ్మ నాయనమ్మ రోజుల్లో కలరా వచ్చిందట. పక్క ఊళ్ళో నేతగాడు వెంకయ్య ఇంట్లో చంటిపిల్ల తప్ప అందరూ పడ్డారు. అయినవాళ్ళెవరూ గడప తొక్కలేదు. ఈ నాయనమ్మ, మామూలు రోజుల్లో ఆ వీధిలో ఎవరూ నడవనివ్వని మనిషి, వెళ్ళి వాళ్ళకి గంజి పోసి, పిల్లను సాకింది. వెంకయ్య బతికాడు. ఏళ్ళు గడిచి నాయనమ్మ పోయినప్పుడు, తన మగ్గం మీద నేసిన గుడ్డ తెచ్చి పేటిక మీద కప్పాడట.

"అందరూ చూస్తా ఉండగా, మా పల్లె లోపలికొచ్చి కప్పాడు. పూడ్చేటప్పుడు మా తాత దాన్ని మట్టిలో పెట్టనివ్వలా. తీసి దాచాడు. అప్పట్నుంచీ అందరికీ అదే."

"మరి ఈ కుట్టు ఎవరు వేశారు?" అని అడిగాను. ఎందుకడిగానో అడుగుతుండగానే తెలిసింది.

"దొరసాని కుట్టింది. అంచు పీకిపోతుందని, తన దారంతో. మా అమ్మ పక్కన కూర్చుని సూదిలోకి ఎక్కించి ఇచ్చేదంట."

నేను చూసింది గుడ్డ పోగు కాదు. కుట్టు దారం.

నీ తప్పు, నీ వేలు

వాళ్ళిద్దరినీ వరండాలో కూర్చోబెట్టి లోపలికెళ్ళి, వేలు కోస్తానన్న చోటునుంచే, అంటే గుడ్డ నడిమధ్యనుంచి ఒక పోగు తీశాను. మెలిపడిన రిబ్బను. పత్తి. చేతితో వడికిన నూలు, ఒకచోట లావు, ఒకచోట సన్నం. వరదాచారి గారికి చెప్పాను. ఆయన అరిస్తే బాగుండేది. నములుతున్నది ఆపి, "ఇప్పుడేం చేస్తావు?" అన్నారు.

మర్నాడు దొరగారిని పిలిచాం. సారమ్మ, దేవదానం గారు ఆ పూటకి గుణదలలో చుట్టాలింట ఉండి మళ్ళీ వచ్చారు. దొరగారు అంతా విని న్యాయమైన ప్రశ్న వేశారు. "పత్తి అయితే కావచ్చు. కానీ పత్తిబట్ట మా దేశంలోనూ ఉంది. చేతి నూలూ ఉంది. మొన్న నిస్సందేహంగా లినెన్ అన్నారు. ఈరోజు నిస్సందేహంగా ఇంకొకటి అంటే నేను దేన్ని నమ్మాలి?"

గీత గీసిన మాట. ఆయన గుర్తుపెట్టుకున్నారు.

ఇక మిగిలింది ఒక్కటే దారి. కుట్టు విప్పి మడత లోపల చూడాలి. ఒక మూల నాలుగంగుళాలు విప్పాను. దొరసాని ఎంత శ్రద్ధగా కుట్టిందో! ఒక్కో కుట్టు తెంపుతుంటే ఆవిడ పక్కన నిలబడి చూస్తున్నట్టే ఉంది. మడత తెరిస్తే లోపల, మూలన, వేలిముద్రంత మచ్చ. లేత పసుపు.

నేను మొదట తుప్పు అనుకున్నాను. గుమ్మంలో వరదాచారి గారు మెడ సాచారు. వరండాలోంచి సారమ్మ, "అదేందంటా?" అంది.

కొత్తబట్ట ఏదైనా మూలన పసుపు పెట్టకుండా మా ఇంట్లో ఎవరూ కట్టుకోరు. బట్టల కొట్టువాడి కొడుకుని, పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే. అయినా అది పసుపని నా తలకెక్కడానికి నిమిషం పట్టింది. చదువు అడ్డం వచ్చింది.

వెంకయ్య మగ్గం మీంచి కోసిన గుడ్డకి ఇంట్లో వాళ్ళ బట్టలకి పెట్టినట్టే మూలన పసుపు పెట్టి, అప్పుడు తీసుకెళ్ళి ఆ పేటిక మీద కప్పాడు. దొరసాని ఆ మూలను అలాగే మడిచి కుట్టేసింది. వెలుతురు తగలక అది ఉండిపోయింది.

"అది పసుపని రుజువేమిటి?" అన్నారు దొరగారు.

వరదాచారి గారు నేను చేరాక మొదటిసారి గుమ్మం దాటి లోపలికొచ్చారు. సున్నపు కాయ తీసి నా ముందు పెట్టారు. గుడ్డకి ఏదీ తగలనివ్వద్దని నా ప్రాణం తోడిన మనిషి.

"మచ్చ పడుతుందండీ" అన్నాను.

"నీ తప్పు, నీ వేలు" అన్నారు.

సున్నంలో వేలు ముంచి, మచ్చ మీద అద్దాను. పసుపు సున్నం కలిస్తే ఏమవుతుందో అక్కడ మా నలుగురికీ తెలుసు. దొరగారు మాత్రం వంగి చూస్తూ నిలబడ్డారు. మచ్చ ఎర్రబడింది. పెళ్ళిలో పాదాలకి పెట్టే పారాణి ఎరుపు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మా దేశంలో కొత్తబట్టకి పసుపు పెట్టరు" అన్నారు. "ఆ దొరసాని గురించి మావాళ్ళకి ఉత్తరం రాసేశాను. సరే, ఇంకో ఉత్తరం రాస్తాను."

నా ఉద్యోగంలో నాకు నచ్చిన మనుషుల జాబితా చిన్నది. అందులో ఆయనున్నారు.

కప్పుకోవచ్చా, లేదా?

విప్పిన మూలను మళ్ళీ కుట్టలేదు. రుజువు కనబడాలి, రేపు ఇంకొకరెవరైనా వచ్చి అడిగితే చూపించాలి అని వాదించి తెరిచే ఉంచాను. శాస్త్రీయమైన పని. గుర్తుపెట్టుకోండి.

గుడ్డను నేనే తీసుకెళ్ళాను. పెట్రోలు దొరకని రోజులు. బొగ్గుతో నడిచే బస్సు ఉయ్యూరు చేరేలోగా నాలుగుసార్లు ఆగింది. రెండుసార్లు మేమే తోశాం. అక్కణ్ణుంచి కాలవగట్టు మీద నడక. గుడ్డను వెదురుబొంగుకి చుట్టి, శిశువును ఎత్తుకున్నట్టు ఎత్తుకెళుతుంటే పొలాల్లో ఆడవాళ్ళు ఆగి చూశారు. పల్లెలో చర్చి ముందు అందరూ చేరారు. నేను జాగ్రత్తల కాగితం ఒకటి ఇచ్చాను. దేవదానం గారు పైకి చదివారు. మడవకూడదు. ఎండ తగలకూడదు. సబ్బు తగలకూడదు. వీలైతే అసలు తడపకూడదు. చెమటచేతులతో ముట్టకూడదు.

సారమ్మ అంతా విని, "ఇంతకీ కప్పుకోవచ్చా, లేదా?" అంది.

"కప్పుకోవచ్చవ్వా."

"మరి చచ్చినోళ్ళకి చెమటేంది?"

ఆవిడ గుడ్డ అంచు పట్టుకుని, వేలితో తడుముకుంటూ మూలదాకా వచ్చి, ఎర్రమచ్చ దగ్గర ఆగింది.

"ఆరోజు వరండాలోంచి కనబడలా. ఇదేంది నాయనా?"

చెప్పాను. పసుపు వెంకయ్యది, సున్నం నాది అని.

"ఈ వయసులో నాకు పారాణి పెట్టావన్నమాట" అని అందరి వంకా చూసి నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను బస్సు వేళయిందని లేచాను. బస్సుకి వేళంటూ ఏమీ లేదు.

పోస్టుకార్డు

ఏడాదిలోపే దేవదానం గారి కార్డు వచ్చింది. అప్పటికే నాకు అక్షరాలు జంటలుగా కనిపిస్తున్నాయి. ఒక కన్ను మూసుకుని చదివాను.

సారమ్మ పోయిందట. గుడ్డ కప్పారట. ఎర్రమచ్చ తలవైపు రావాలని ముందే అందరితో ఒట్టు వేయించుకుందట. వానకి సమాధి దగ్గర బురదై గుడ్డ మట్టికొట్టుకుపోయిందట. "మీ కాగితం గుర్తుందండీ, కానీ బురదగుడ్డ అట్టాగే పెట్టెలో పెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు. సబ్బు పెట్టి ఉతికి ఎండలో ఆరేశాం. బాగా తెల్లబడింది. మీరు పెట్టిన ఎరుపు నీళ్ళలో జాడించగానే మళ్ళీ పసుపైంది. సాయంత్రానికి ఎండకి ఆ పసుపు కూడా పోయింది. క్షమించగలరు."

ఆ పసుపు దొరసాని మడతలో మూడు తరాలు నిలిచింది, నేను తెరిచి ఉంచిన ఏడాదికి పోయింది. మళ్ళీ కుట్టేసి ఉంటే ఉండేది. మీరు నేర్చుకోవాల్సింది ఇందులో ఏదైనా ఉంటే అది ఇదే. నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

వరదాచారి గారికి కార్డు చూపించాను. గుమ్మంలోనే నిలబడి చదివి, తిరిగి ఇచ్చేశారు. "ఇప్పుడు ఎవరైనా వచ్చి రుజువు చూపించమంటే?" అన్నాను.

"ఎవరు అడుగుతారయ్యా" అన్నారు.

నిజమే. ఆ పల్లెలో ఎవరికీ అక్కర్లేదు. జవాబు రాశాను. క్షమించడానికేమీ లేదనీ, ఆ మూల మళ్ళీ మడిచి కుట్టించమనీ రాశాను. ఏ దారంతో అని మాత్రం చెప్పలేదు.